ఐదో పాలసీ

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో జనాన్ని పైకి పంపిస్తూ, కిందికి దించుతూ బతుకుతున్నాడు. తను మాత్రం ఎక్కడికీ వెళ్ళింది లేదు. అలాంటి మనిషి యాభై ఏడో ఏట, ఒక ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి, "నేను కొండ ఎక్కుతున్నానోయ్," అన్నాడు.

"మెట్లున్న కొండా, లేని కొండా?" అన్నాను కూర తరుగుతూ.

"లేనిదే. రెండు మంచు శిఖరాల మధ్య నుంచి అవతలికి దాటే కనుమ. ఐదువేల నూట ఇరవై మీటర్లు. పన్నెండు రోజుల నడక. మా వర్క్‌షాపు వాళ్ళం నలుగురం వెళ్తున్నాం. గైడుకి మాటిచ్చేశాం కూడా."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. నాతో చెప్పకుండా చొక్కా కూడా కొనుక్కోని మనిషి గైడుకి మాటిచ్చేశాడంటే, ఈ కోరిక ఎన్నాళ్ళ నుంచి మనసులో నలుగుతోందో అర్థమైంది. ఇప్పుడైనా బయటపెట్టడానికి కారణం వేరే ఉంది. ఇన్సూరెన్సు కాగితం చేతిలో పెట్టనిదే గైడు ఎవరినీ తీసుకెళ్ళడట. ఎవరికైనా ఏదైనా అయితే కిందికి దించడానికి హెలికాప్టరు రావాలి, దాని ఖర్చు భరించే పాలసీ ఉండాలి. వచ్చే శనివారంలోగా కాగితం ఇస్తే చోటు ఉంటుంది. లేకపోతే ఆ చోటు కోసం కాచుకుని ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తాడు.

"మిగతా ముగ్గురూ ఏదో ఒకటి కొనేసుకుంటారు. నాకా బెంగ లేదు. నువ్వుండగా నాకేంటి?" అన్నాడు. "ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషివి. నువ్వు ఏది కొనమంటే అది కొంటాను. వద్దంటే ముట్టుకోను."

ఆ ఆఖరి మాట ఆయన మామూలుగానే అన్నాడు. నేనే దాన్ని పట్టుకున్నాను.

నా ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి. ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిముల విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. ప్రయాణాల్లో కాళ్ళు విరిగినవాళ్ళూ, సామాన్లు పోయినవాళ్ళూ, మనిషినే పోగొట్టుకున్నవాళ్ళూ పంపే కాగితాలు నా బల్ల మీదికి వస్తాయి. డబ్బు ఇవ్వాలా వద్దా తేల్చడం నా పని. ఆఫీసులో నన్ను భూతద్దం అంటారు, నా ఎదురుగానే అంటారు. మా విభాగంలో ఎవరైనా సరే పాలసీని వెనక పేజీ నుంచే చదువుతాం. ముందు పేజీల్లో కంపెనీ ఏమేం ఇస్తుందో ఉంటుంది, వెనక పేజీల్లో ఏమేం ఇవ్వదో ఉంటుంది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్ళిపత్రిక చేతికొచ్చినా ముందు భోజనాల వేళ చూసి, ఆ తరవాతే పెళ్ళికొడుకు ఎవరో చూస్తాను.

కొండల గురించి కూడా నాకు తెలిసిందంతా ఆ కాగితాల్లోంచే తెలిసింది. ఎక్కడ రాళ్ళు దొర్లుతాయో, ఎన్ని వేల మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందో, మంచులో ఎన్ని గంటలు కూర్చుంటే కాలివేళ్ళు నల్లబడతాయో గడగడా అప్పజెప్పగలను. సూర్యోదయం బాగుందని, టీ వేడిగా ఉందని, అందరం క్షేమంగా దిగివచ్చామని నాకు ఎవరూ రాయరు. క్షేమంగా వచ్చినవాళ్ళకి నాతో పనిలేదు. కాబట్టి నా లెక్కలో కొండెక్కిన ప్రతివాడూ పడ్డవాడే.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. నాలుగు నెలల కిందట ఒక పాత బిల్డింగులో లిఫ్టు బాగుచేస్తుంటే మా ఆయనకి తల తిరిగింది. కళ్ళు బైర్లు కమ్మి, లిఫ్టు పెట్టె పైకప్పు మీదే పది నిమిషాలు కూలబడ్డాడట. సాయంత్రం ఇంటికొచ్చి అదేదో జోకులాగా చెప్పాడు. "పొద్దున ఏమీ తినకుండా వెళ్ళానులే," అన్నాడు. డాక్టరు దగ్గరికి పదండి అంటే, రేపు అన్నాడు. ఆ రేపు ఇప్పటిదాకా రాలేదు. నేనూ పోరు పెట్టీ పెట్టీ విసిగి ఊరుకున్నాను. అలాంటి తలని ఐదువేల మీటర్ల పైకి మోసుకెళ్తానంటున్నాడు.

అయినా పైకి మాత్రం, "చూస్తాలెండి," అన్నాను.

సోమవారం ఐదు కంపెనీల పాలసీ కాగితాలు సంపాదించాను. మంగళవారం వాటిని ఆఫీసుకి పట్టుకెళ్ళాను. మా విభాగంలో ఒక ఆనవాయితీ ఉంది. మాలో ఎవరైనా ఇంట్లోవాళ్ళకి పాలసీ కొనాలంటే, ముందు దాన్ని మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పెట్టాలి. ఒకరు ప్రయాణికుడి తరఫున మాట్లాడతారు, మిగతావాళ్ళు కంపెనీ తరఫున. ప్రయాణికుడిని ఊహలో నానా విధాలుగా పడేసి, పొడిచేసి, జబ్బు చేయించి, ప్రతిసారీ ఆ క్లెయిమును ఎలా తిప్పికొట్టొచ్చో వెతుకుతారు. తిప్పికొట్టే దారి దొరికితే ఆ పాలసీ చచ్చినట్టు. దొరకకపోతే కళ్ళు మూసుకుని కొనొచ్చు. దీనికి మేం పెట్టుకున్న పేరు బతికుండగానే పోస్టుమార్టం. ఇందులో ఒకటే నియమం, ఆ బల్ల దగ్గర ఏదీ దాచకూడదు.

కంపెనీ తరఫున ఎప్పుడూ యముడే కూర్చుంటాడు. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి, చీమ అడ్డొచ్చినా పక్కకి తప్పుకుని నడిచే రకం. పాలసీ చేతికిస్తే మాత్రం ఎవరినీ వదలడు, అందుకే ఆ పేరు. ఆయనకి సాయం నర్సమ్మ. ఒకప్పుడు ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది కాబట్టి జబ్బుల కాగితాలన్నీ ఆమె చూస్తుంది.

యముడు మూత తీసిన డబ్బా పక్కకి జరిపి మొదటి కాగితం అందుకున్నాడు. వెనక పేజీ తిప్పాడు. "మూడువేల మీటర్లు దాటితే వర్తించదు. బావగారు మూడోరోజు పొద్దున్నే పోయారు. తరవాతది ఇవ్వు చెల్లెమ్మా."

రెండోది నాలుగువేల ఐదువందల దగ్గర పోయింది. మూడోదాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, "ఆ దారిలో ఎక్కడైనా తాడు ఉంటుందా?" అని అడిగాడు.

"కనుమ దాటే రోజు మంచు వాలు మీద నలభై అడుగులు కట్టి ఉంటుందట. పట్టుకుని ఎక్కాలి," అన్నాను.

"ఇందులో తాడు పట్టుకుంటే నడక కాదు, పర్వతారోహణ అని రాసుంది. పట్టుకుంటే పాలసీ పోతుంది. పట్టుకోకపోతే బావగారు పోతారు. ఎలా చూసినా మన కంపెనీకి ఖర్చు లేదు."

బల్ల చుట్టూ నవ్వులు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే లోపల మూడయ్యాయి, ఇంకా రెండు అని లెక్కపెట్టుకున్నాను.

నాలుగోదాంట్లో హెలికాప్టరు ఎక్కేముందు కంపెనీకి ఫోను చేసి అనుమతి తీసుకోవాలని ఉంది. ఆ కనుమ దగ్గర గైడు రేడియో తప్ప ఫోను పనిచెయ్యదు. పనిచెయ్యాలంటే రెండు రోజులు కిందికి నడవాలి. "రెండు రోజులు నడవగలిగినవాడికి హెలికాప్టరెందుకు?" అని యముడు దాన్ని కూడా పక్కన పడేశాడు.

ఐదోది అందుకున్నాడు. ఎత్తు ఆరువేల మీటర్ల దాకా వర్తిస్తుంది. గైడు వెంట ఉంటే కట్టి ఉన్న తాడు పట్టుకోవచ్చు. ముందు మనిషిని దించి, నలభై ఎనిమిది గంటల్లోగా కబురు చేస్తే చాలు. యముడు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. బావగారిని మంచులో పడేశాడు, గాడిద చేత తన్నించాడు, తప్పిపోయేలా చేశాడు. ప్రతిసారీ కంపెనీ డబ్బు కట్టాల్సి వచ్చింది.

"ఒంట్లో ఏమైనా ఉందా అక్కా?" అని నర్సమ్మ అడిగింది.

బల్ల నియమం గుర్తొచ్చి, తల తిరిగిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరుకి చూపించలేదని కూడా చెప్పాను. నర్సమ్మ కాగితం లాక్కుని ఆరోగ్యం గురించి రాసిన పేజీ చూసింది.

"దాచితే చెల్లదు," అంది. "ఫారంలో చెప్పేసి, డాక్టరు చేత పరీక్ష చేయించి, వెళ్ళొచ్చని ఆయన రాసిన కాగితం జతచేస్తే, అక్కడ తల తిరిగి పడినా డబ్బు కడతారట. ఇంత మంచి మాట నేనెక్కడా చూళ్ళేదు. కొనెయ్యి అక్కా. అసలు ఆ పరీక్ష కొండ కోసం కాకపోయినా చేయించాలి."

యముడు ఇంకో పది నిమిషాలు పెనుగులాడి చేతులెత్తేశాడు. "చెల్లెమ్మా, పదేళ్ళలో నా చేతిలో చావని పాలసీ ఇదొక్కటే. బావగారు అదృష్టవంతులు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను మాత్రం ఐదోదాన్ని గబగబా మడిచి సంచీలో పెట్టేశాను. అప్పుడు తెలిసింది నాకు. ఐదూ చావాలని నేను కోరుకుంటున్నాను. పాలసీ ఎంచడానికి కూర్చున్నానని మా ఆయనా అనుకున్నాడు, నా స్నేహితులూ అనుకున్నారు, నేను కూడా అలాగే అనుకున్నాను. నిజానికి నేను చేస్తున్నది ఆయన్ని ఆపే కాగితం కోసం వెతకడం.

ఆ సాయంత్రం ఆయన నాకంటే ముందే ఇంటికొచ్చి ఉన్నాడు. కొత్తగా కొన్న నడక బూట్లు అలవాటు పడాలని లుంగీ మీద వేసుకుని హాల్లో టకటకలాడుతూ తిరుగుతున్నాడు. నన్ను చూడగానే చిన్నపిల్లాడిలాగా ఎదురొచ్చి, "ఏది బతికింది?" అన్నాడు. మా పోస్టుమార్టం సంగతి ఆయనకి ఎప్పటినుంచో తెలుసు.

నేను ఐదు కాగితాలూ బల్ల మీద పరిచాను. ఒక్కొక్కటే చదివి వినిపించాను. మూడువేలు, నాలుగువేల ఐదువందలు, తాడు, ఫోను. ఐదోదాని దగ్గరికొచ్చాక, వెనక పేజీ మీద వేలు పెట్టి, "ఇందులో అన్నీ బాగానే ఉన్నాయి కానీ, తల తిరిగినవాళ్ళకి ఇవ్వరట," అన్నాను.

"డాక్టరుకి చూపించుకున్నా?"

"చూపించుకున్నా ఇవ్వరు. మా వాళ్ళందరూ చూశారు. ఏ కంపెనీ ముట్టుకోదన్నారు."

ఇన్నేళ్ళలో నేను ఎంతోమందికి కాదు, లేదు, కుదరదు అని రాసి ఉంటాను. వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. మొదటిది మా ఇంట్లో, మా బల్ల దగ్గర, నన్ను నమ్మిన మనిషితో ఆడాను. ఆయన కాగితం వంక చూడను కూడా చూడలేదు. కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు.

"అయితే నా తలే నాకు అడ్డమన్నమాట," అన్నాడు. బూట్లు పక్కన పెట్టి, "సరేలే. రేపు సాయంత్రం గైడుకి చెప్పేస్తాను," అన్నాడు.

అంతే. ఒక్క మాట ఎదురాడలేదు. ఎదురాడితే బావుండేది. గొడవకి నేను సిద్ధంగా ఉన్నాను, ఆ సరేకి సిద్ధంగా లేను.

బుధవారం పొద్దున పనికి వెళ్తూ మెట్ల రెయిలింగు పట్టుకుని దిగాడు. పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మనిషి రెయిలింగు పట్టుకోవడం నేను చూడలేదు. చేతిలో పనిముట్ల పెట్టెతో రెండేసి మెట్లు దిగేవాడు. నేను చెప్పిన అబద్ధం ఆయన కొండనొక్కదాన్నే తీసేసి ఊరుకోలేదు, ఉన్నపళంగా ఆయన్ని రోగిష్టివాణ్ణి చేసేసింది. గుమ్మంలో నిలబడి, పిలుద్దామా అనుకున్నాను. పిలవలేదు. శనివారం దాటిపోతే అంతా సర్దుకుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

సాయంత్రం అన్నంత పనీ చేశాడు. వరండాలో నిలబడి గైడుకి ఫోను చేశాడు. "ఇంట్లో కుదరడం లేదండీ. నా చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. అబ్బే, ఒంట్లో బాగానే ఉంది," అంటుంటే వంటింట్లో నాకు వినిపిస్తూనే ఉంది. ఫోను పెట్టేసి లోపలికొచ్చి, "ఏం వండావోయ్?" అన్నాడు. కొంచెం వింతగా అనిపించింది. పొద్దుటి నీరసం ఆ మొహంలో లేదు. నా వంక చూసిన చూపులో ఏదో ఉంది, ఏమిటో అంతుపట్టలేదు. పట్టించుకునే ధైర్యం కూడా లేకపోయింది.

గురువారం, శుక్రవారం మామూలుగానే గడిచాయి. ఆఫీసులో యముడు, "కొన్నావా చెల్లెమ్మా?" అని అడిగితే, కొంటున్నానని అక్కడా దాటేశాను. ఒక అబద్ధానికి కాపలా కాయడం ఎంత పనో ఆ రెండు రోజుల్లో తెలిసొచ్చింది. నేను అనుకున్నది అనుకున్నట్టే అయింది, ఆయన ఎక్కడికీ వెళ్ళడం లేదు, ఇక నాకు భయం ఉండకూడదు. భయం పోయిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది, అది భయం కంటే బరువుగా ఉంది.

శనివారం పొద్దున లేచి చూస్తే ఆయన హాల్లో కింద కూర్చుని ఆ బూట్లు తుడుస్తున్నాడు. బ్రష్షుతో అడుగులు శుభ్రం చేసి, తాళ్ళు కొత్తగా ఎక్కించి, లోపల కాగితం ఉండలు కుక్కి, పాత న్యూస్‌పేపర్లో చుడుతున్నాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"కొండకి వెళ్తున్నాడే మా వెల్డింగు వాడు, వాడిదీ నాదీ ఒకే సైజు. వాడి బూట్లు కరుస్తున్నాయట. వీటిని వేసుకెళ్ళమందామని. ఇంట్లో ఊరికే పడి ఉండేకంటే, ఇవైనా కొండ చూసొస్తాయి."

అది ఆయన నన్ను పొడవడానికి అన్లేదు. ఆయనకి అలా పొడవడం రాదు. ముడి వెయ్యడానికి పురికొస అందుకుంటుంటే నేను ఆ పొట్లం లాక్కున్నాను.

"ఐదోది బతికిందండీ," అన్నాను.

ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఐదోది చావలేదు. డాక్టరు కాగితం ఉంటే ఇస్తారు. మా వాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు. నేనే మీకు అబద్ధం చెప్పాను."

ఆయన పురికొస పక్కన పెట్టాడు. "తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"బుధవారం మధ్యాహ్నం మీ ఆఫీసు లిఫ్టు తలుపు మూసుకోవడం లేదని కబురొస్తే వచ్చాను. మీ యముడు కనిపించి, చేతులు పట్టుకుని ఊపేశాడు. బావగారూ, ఐదోదాన్ని చంపలేకపోయాను, నిశ్చింతగా వెళ్ళిరండి, ఆ తల పరీక్ష మాత్రం మానకండి అన్నాడు."

బుధవారం మధ్యాహ్నం. ఆయన గైడుకి ఫోను చేసింది ఆ సాయంత్రం.

"తెలిసి కూడా ఎందుకు మానేశారు? నన్నెందుకు నిలదియ్యలేదు?"

"కోపం రాలేదనుకున్నావా? లిఫ్టు పైన కూర్చుని ఒక గంట నిన్ను తిట్టుకున్నాను," అన్నాడు. "తరవాత మంగళవారం నీ చెయ్యి గుర్తొచ్చింది. ఐదో కాగితం మీద వేలు పెట్టినప్పుడు వణుకుతోంది. ఎన్ని వేల కాగితాలు చూసిన చెయ్యి అది. నేను నిలదీస్తే దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకొకటి చెప్పేదానివి. ఎప్పుడూ అబద్ధం ఆడని మనిషిచేత రెండోది కూడా నేనే ఆడించడం ఎందుకు? ఇంత భయపడుతోందంటే వద్దులే అనుకున్నాను. అంతే."

నేను ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"భయమేస్తోంది, వెళ్ళకండి అని ఒక్కమాట అంటే సరిపోయేదిగా," అన్నాడు. "ఆగిపోయేవాణ్ణి."

"అందుకే అనలేదు," అన్నాను. "నేను అంటే మీరు ఆగిపోతారు. అప్పుడు మిమ్మల్ని ఆపింది నేనవుతాను. కంపెనీ కాదన్నదనుకోండి, అది ఎవరి తప్పూ కాదు. నిబంధన అలా ఉంది, మేమేం చెయ్యలేం. రోజూ ఉత్తరాల్లో నేను రాసేది అదే కదా." ఆ మాట అంటుంటే నాకు నిజంగా సిగ్గేసింది. నిబంధన చాటున నిలబడడం నాకు అలవాటైపోయింది. ఇంటికొచ్చాక కూడా అక్కడే నిలబడ్డాను.

"ఇప్పుడేమంటావ్ మరి? వెళ్ళమంటావా, ఆగమంటావా?"

"నాకు భయమేస్తోంది," అన్నాను. "చాలా భయమేస్తోంది. మీరు పడిపోతారని కాదు, పడిపోయిన సంగతి నాకు కాగితం మీద తెలుస్తుందని. వెళ్ళండి. రెండూ నిజమే. రెంటిలో ఒకటి దాచుకుని రెండోది చెప్పడం నాకిక చేతకాదు."

ఆయన చెయ్యి చాచి పొట్లం వెనక్కి తీసుకుని, న్యూస్‌పేపరు విప్పి, బూట్లు గోడవారన పెట్టాడు. ఆ తరవాత వెల్డింగు ఆయనకి ఫోను చేసి, బూట్లు కరిస్తే మేజోళ్ళు రెండు జతలు వేసుకోరా అన్నాడు.

గైడుకి కూడా ఫోను చేశాం. చోటు గురువారమే వెళ్ళిపోయిందన్నాడు. వర్క్‌షాపు నుంచి మిగతా ముగ్గురూ ఆయన లేకుండానే వెళ్తారు. తరవాతి జట్టు ఏడు వారాలకి ఉంది, అందులో ఆయనకి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ముగ్గురు స్నేహితులతో నవ్వుకుంటూ ఎక్కాల్సిన కొండ ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఎక్కాలి. అది నా మూలాన పోయింది. ఏ ఫారం నింపినా అది తిరిగిరాదు. ఆయన మాత్రం, "కొత్త స్నేహితులు దొరుకుతారులే, నా పాత జోకులు వాళ్ళకి కొత్తవి," అన్నాడు.

సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గుండెకి తీగలు తగిలించి నడిపించారు, పరిగెత్తించారు, రక్తం తీశారు. సాయంత్రం డాక్టరు కాగితాలన్నీ చూసి, రక్తపోటు కొంచెం ఎక్కువుందని, రోజూ ఒక మాత్ర వేసుకోవాలని, ఇన్నాళ్ళూ చూపించుకోకపోవడం బుద్ధితక్కువ పని అని చెప్పాడు. నెల రోజులు చూసి మళ్ళీ పరీక్ష చేశాడు. మెల్లగా ఎక్కు, తినకుండా ఎక్కకు, తల బరువెక్కితే అక్కడే ఆగి కిందికి దిగు అని ఒక్కొక్కటీ చెప్పి, వెళ్ళొచ్చని రాసి సంతకం పెట్టాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాం. ప్రశ్నలు నేను చదివాను, ఆయన జవాబులు చెప్పాడు. వయసు, బరువు, ఎన్ని రోజులు, ఎంత ఎత్తు. చక్కెర జబ్బు లేదు. ఆస్తమా లేదు. పద్నాలుగో ప్రశ్న దగ్గర నా గొంతు తగ్గింది. గడిచిన రెండేళ్ళలో ఎప్పుడైనా కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం జరిగిందా?

"జరిగింది," అన్నాడు గట్టిగా. "లిఫ్టు పైన. పది నిమిషాలు. రాయి."

రాశాను. తేదీ కూడా రాశాను. డాక్టరు కాగితం పక్కన పిన్ను కొట్టాను. ఆయన ఆఖరి పేజీలో సంతకం పెట్టి కలం కింద పెట్టబోయాడు. దాని కింద ఇంకో గీత ఉంది. దరఖాస్తుదారుడిని బాగా ఎరిగినవారు ఎవరైనా సాక్షి సంతకం చెయ్యాలి. ఈ జవాబులన్నీ నిజమనీ, తెలిసి ఏదీ దాచలేదనీ హామీ ఇవ్వాలి.

"దీన్ని రేపు ఆఫీసులో యముడి చేత పెట్టిస్తాను," అన్నాను ఫారం మడుస్తూ.

"యముడెందుకు?" అన్నాడు. ఫారం నా చేతిలోంచి తీసుకుని, మడత సాపు చేసి, మళ్ళీ నా ముందు పెట్టాడు. "నువ్వు పెట్టు. నీకంటే నమ్మకమైన మనిషి నాకెవరున్నారోయ్?"

ఆటపట్టిస్తున్నాడేమోనని తలెత్తి చూశాను. ఆయన మామూలుగా, కలం మూత తీసి పట్టుకుని, నేను ఎప్పుడు అందుకుంటానా అని చూస్తున్నాడు. అందుకున్నాను. అక్షరాలు మసగ్గా కనిపించాయి, పేరు వంకరటింకరగా వచ్చింది. ఆయన కంగారుపడి మంచినీళ్ళకి లేచాడు. ఆయన తిరిగొచ్చేలోగా కళ్ళు తుడుచుకుని, సంతకం కింద తేదీ వేశాను.